డొక్కలో పట్టేసింది!

పిల్లలూ! ఈసారి మన పాఠంలో మాట ‘డొక్క’. పక్కటెముకలకూ నడుముకూ మధ్యనుండే పక్క భాగం అన్నమాట. క్రికెట్ కామెంటరీలో ‘సైడ్ స్ట్రెయిన్’ అని వింటూంటారే, ఆ దెబ్బ తగిలేది అక్కడే.

కుడిచేతి ఫాస్ట్ బౌలర్‌ని గమనించండి. బంతి వదిలే ముందు ఎడమచెయ్యి పైకి చాస్తాడు. అప్పుడు ఎడమ డొక్కలోని కండరాలు ఉండేలు రబ్బరులా సాగుతాయి. మరుక్షణం ఆ చెయ్యి కిందికి లాగి, నడుము తిప్పి, ముందుకు వంగుతాడు. సాగిన కండరం ఒక్కసారిగా ముడుచుకోవాలి. ఒక్కోసారి పక్కటెముకకు అతుక్కున్న చోటే చిట్లుతుంది. అందుకే బంతి వేసేది కుడిచెయ్యే అయినా నొప్పి ఎక్కువగా ఎడమవైపే! దగ్గినా, తుమ్మినా ప్రాణం పోయినట్టుంటుంది.

2019 జూలై 14న లార్డ్స్‌లో ఇంగ్లండ్ ప్రపంచకప్ గెలిచిన ఫైనల్లోనే మార్క్ వుడ్‌కి ఇలా అయింది. జోఫ్రా ఆర్చర్ అయితే ఆ టోర్నీలో నొప్పి ఓర్చుకునే బౌలింగ్ చేశాడు. కప్పు వచ్చింది గానీ, ఆగస్టులో యాషెస్ మొదటి టెస్టుకి ఇద్దరూ లేరు.

2021 జనవరిలో బుమ్రా పొట్ట కండరం పట్టేసి బ్రిస్బేన్ టెస్టుకి దూరమయ్యాడు. భారమంతా మన హైదరాబాదీ సిరాజ్ మీద పడింది. అప్పటికి అతనాడినవి రెండే టెస్టులు! రెండో ఇన్నింగ్స్‌లో 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. గబ్బాలో ఆస్ట్రేలియా టెస్టు ఓడటం 1988 తర్వాత అదే మొదటిసారి.

ఈ గాయం మానడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. తొందరపడి బంతి పట్టుకుంటే మళ్ళీ అక్కడే చిట్లే ప్రమాదముంది. మ్యాచ్ పోతుందని నొప్పి దాచే పిల్లలు మనలోనూ ఉన్నారు.

ఇక పెద్దలకో మాట. పిల్లవాడు ‘కడుపు నొప్పి’ అనగానే మనం ‘ఏం తిన్నావురా?’ అంటాం, వాము నీళ్ళు కలుపుతాం. డొక్క అని చెబితే బామ్ తెచ్చి గట్టిగా రుద్దుతాం. అప్పుడే చిట్లిన కండరాన్ని రుద్దకూడదు. బౌలింగ్ ఆపించి, బట్టలో చుట్టిన ఐసు కాసేపు పెట్టి, ఫిజియోకి చూపించాలి. కుడివైపు పొత్తికడుపులో నొప్పి పెరుగుతూ, జ్వరమో వాంతులో ఉంటే అది అపెండిక్స్ కావచ్చు. వెంటనే 111కి ఫోన్ చెయ్యండి.

పిల్లలూ, ఈ నాలుగూ నేర్చుకోండి: పట్టేసింది, లాగుతోంది, పొడుస్తోంది, మెలిపెడుతోంది. మొదటి మూడూ డొక్కకి పనికొస్తాయి. నాలుగోది ఎక్కువగా కడుపుకే. అమ్మమ్మకి ఫోన్లో చెప్పి చూడండి, తేడా ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది.