థైరాయిడ్ కాన్సర్: భయమెంత? జాగ్రత్త ఎంత?

మన ఇళ్ళలో "అత్తయ్యకి థైరాయిడ్ ఉంది" అనే మాట తరచు వింటుంటాం. నిజానికి థైరాయిడ్ అందరికీ ఉంటుంది. అది జబ్బు పేరు కాదు, ఒక గ్రంథి పేరు. తెలుగు మీడియం సైన్సు పుస్తకాలలో దీనినే అవటు గ్రంథి అంటారు. అత్తయ్యకి ఉన్నది చాలావరకు ఆ గ్రంథి తక్కువగానో ఎక్కువగానో పనిచేయడం. అది కాన్సర్ కాదు.

అయితే ఈ గ్రంథికి కాన్సర్ కూడా రావచ్చు. ఆ మాట వినగానే కొందరు కుంగిపోతారు. మరికొందరు "ఇది మంచి కాన్సరేనట" అని తేలికగా తీసుకుంటారు. రెండూ సరికావు. ఎందుకు సరికావో ఈ పాఠంలో తెలుసుకుందాం. పిల్లలూ, దీన్ని అమ్మానాన్నలతో కలిసి చదవండి.

గ్రంథి చేసే పని

అవటు గ్రంథి మెడ ముందు భాగంలో, శ్వాసనాళాన్ని ఆనుకొని, సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. మనం తిన్న ఆహారంలోని అయోడిన్‌ను పట్టుకొని హార్మోన్లు తయారుచేస్తుంది. గుండె వేగం, ఒంటి వేడి, పిల్లల ఎదుగుదల వీటి మీద ఆధారపడి ఉంటాయి. అయోడిన్‌ను పట్టుకునే ఈ గుణాన్ని గుర్తుంచుకోండి. చికిత్సలో ఇదే మనకు ఉపయోగపడుతుంది.

గడ్డ కనబడితే

వయసు పెరిగేకొద్దీ చాలామందికి ఈ గ్రంథిలో గడ్డలు ఏర్పడతాయి. పెద్దవారిలో నూటికి తొంభైకి పైగా కాన్సర్ కావు. పిల్లల్లో గడ్డలు అరుదు, కానీ వస్తే కాన్సర్ అయ్యే అవకాశం పెద్దవారిలో కన్నా ఎక్కువ. కనుక ఆలస్యం చేయకూడదు. గడ్డ త్వరగా పెరుగుతున్నా, గొంతు బొంగురుపోయి వారాల తరబడి తగ్గకపోయినా, మింగడం కష్టమైనా డాక్టరుకు చూపించాలి.

ముందుగా అల్ట్రాసౌండ్ తీస్తారు. అనుమానం ఉంటే సన్నని సూదితో కొన్ని కణాలు తీసి పరీక్షిస్తారు. ఒక సంగతి చాలామందికి తెలియదు. థైరాయిడ్ కాన్సర్ ఉన్నవారిలో కూడా మామూలు థైరాయిడ్ రక్తపరీక్ష సాధారణంగా బాగానే ఉంటుంది. "రిపోర్టు నార్మల్" అని గడ్డను వదిలేయకూడదు.

అలాగని ఏ లక్షణమూ లేనివారు మెడకు స్కానింగు చేయించుకోనక్కరలేదు. దక్షిణ కొరియాలో ఇలా విరివిగా పరీక్షలు చేయడం వల్ల 2011 నాటికి ఈ కాన్సర్ నిర్ధారణలు 1993 కన్నా పదిహేను రెట్లు పెరిగాయి. మరణాలు మాత్రం తగ్గలేదు. అంటే ఎన్నడూ హాని చేయని చిన్న కణితులకు కూడా వేలమంది ఆపరేషన్లు చేయించుకున్నారన్నమాట. 2017లో అమెరికా నిపుణుల సంఘం కూడా లక్షణాలు లేని పెద్దలకు ఈ పరీక్ష వద్దని చెప్పింది.

పేరు ఒకటే, జబ్బులు నాలుగు

మొదటిది పాపిల్లరీ. నూటికి ఎనభై దాకా ఇదే. నెమ్మదిగా పెరుగుతుంది, చాలామందికి నయమవుతుంది. రెండవది ఫాలిక్యులర్. ఇదీ చికిత్సకు బాగా లొంగుతుంది. ఈ రెండు రకాల్లో వయసు ఎంత ముఖ్యమంటే, 55 ఏళ్ళ లోపువారికి జబ్బు ఊపిరితిత్తులకు పాకినా దాన్ని రెండవ దశగానే లెక్కిస్తారు.

మూడవది మెడల్లరీ. దాదాపు నలుగురిలో ఒకరికి ఇది వంశపారంపర్యంగా వస్తుంది. అటువంటి కుటుంబాలలో పిల్లలకు కూడా జన్యుపరీక్ష చేయిస్తారు. నాలుగవది అనాప్లాస్టిక్. చాలా అరుదు, కానీ వారాలలోనే పెరిగిపోయే ప్రమాదకరమైన జబ్బు. కనుక "మంచి కాన్సర్" అనే మాట అందరికీ వర్తించదు. డాక్టరును అడగవలసిన మొదటి ప్రశ్న: "ఇది ఏ రకం?"

చికిత్స

ముఖ్యమైన చికిత్స ఆపరేషన్. గ్రంథిలో సగమో, మొత్తమో తీసేస్తారు. గొంతును నడిపే నరాలు, కాల్షియంను అదుపుచేసే నాలుగు చిన్న గ్రంథులు అక్కడే ఉంటాయి. అందుకే ఇటువంటి ఆపరేషన్లు తరచుగా చేసే సర్జను దగ్గరకు వెళ్ళడం మంచిది. ఆపరేషన్ తరువాత వేళ్ళు, పెదవుల చుట్టూ తిమ్మిరిగా అనిపిస్తే వెంటనే చెప్పాలి. అది కాల్షియం తగ్గిందనడానికి గుర్తు.

అన్ని కణితులకూ ఆపరేషన్ అవసరం లేదు. జపాన్‌లో కోబె నగరంలోని కుమా ఆసుపత్రి వైద్యులు 1993 నుంచి ఒక సెంటీమీటరు లోపు పాపిల్లరీ కణితులను వెంటనే కోయకుండా క్రమం తప్పక పరీక్షిస్తూ వచ్చారు. వాటిలో చాలావరకు పెరగలేదు. ఇప్పుడు తగిన రోగులకు ఇతర దేశాలలోనూ ఈ పద్ధతి పాటిస్తున్నారు.

కొందరికి ఆపరేషన్ తరువాత రేడియోధార్మిక అయోడిన్ ఇస్తారు. మిగిలిన థైరాయిడ్ కణాలు దాన్ని ఆహారమనుకొని పట్టుకొని నశిస్తాయి. మెడల్లరీ, అనాప్లాస్టిక్ రకాలకు ఇది పనిచేయదు. వాటిలో కొన్నింటికి జన్యులోపాన్ని గురిపెట్టే మందులు వచ్చాయి.

మన ఇంట్లో పాటించవలసినవి

అయోడిన్ చికిత్సకు ముందు ఒకటి రెండు వారాలు పథ్యం ఉంటుంది. అయోడిన్ ఉప్పు, సముద్రపు ఉప్పు, పాలు, పెరుగు, చేపలు, గుడ్డు పచ్చసొన మానాలి. ఏ ఉప్పు వేశారో తెలియని ఆవకాయ కూడా ఆ రోజుల్లో పక్కన పెట్టాలి. చికిత్స తరువాత కొద్దిరోజులు చంటిపిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండాలి. ఎన్ని రోజులో ఆసుపత్రివారే చెబుతారు.

గ్రంథి మొత్తం తీసేస్తే జీవితాంతం రోజూ హార్మోను మాత్ర వేసుకోవాలి. పరగడుపున నీళ్ళతో వేసుకొని, కనీసం అరగంట ఆగాకే కాఫీ తాగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల తేడా ఉండాలి. బాగానే ఉన్నామని పరీక్షలకు వెళ్ళడం మానకూడదు. ఈ జబ్బు ఏళ్ళ తరువాత కూడా తిరిగి రావచ్చు.

మరో మాట. మనవాళ్ళు "కాన్సర్" అన్న మాటను ఇండియాలో ఉన్న పెద్దలకు ఫోనులో చెప్పరు, ఇంట్లో పిల్లలకూ చెప్పరు. కానీ తాతగారి మెడలో గడ్డ ఏ రకమో తెలిస్తేనే, ఇక్కడి మనవరాలికి పరీక్ష అవసరమా కాదా అన్నది తేలుతుంది. అలాగే ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకు డాక్టరు మాటలను పదేళ్ళ పిల్లవాడి చేత చెప్పించకండి. అమెరికా ఆసుపత్రులలో తెలుగు దుబాసీ కావాలని అడగండి. ప్రభుత్వ నిధులు అందుకునే ఆసుపత్రులు ఆ సహాయం ఉచితంగా ఇవ్వాలి. పిల్లలకు మాత్రం నిజం సులువైన మాటలలో చెప్పండి: ఇది అంటుకునే జబ్బు కాదు, ఎవరి తప్పు వల్లా రాలేదు, వైద్యం ఉంది.

కొత్త మాటలు

అవటు గ్రంథి: థైరాయిడ్
కణితి: శరీరంలో అసహజంగా పెరిగే గడ్డ
శస్త్రచికిత్స: ఆపరేషన్
పరగడుపు: ఉదయం ఏమీ తినక ముందు
దుబాసీ: ఒకరి మాటను మరొక భాషలో చెప్పేవారు

ఆలోచించండి

1. "థైరాయిడ్ ఉంది" అనడంలో పొరపాటు ఏమిటి?
2. రేడియోధార్మిక అయోడిన్ థైరాయిడ్ కణాలకే ఎలా చేరుతుంది?
3. మీ అమ్మమ్మ, తాతయ్యలకు ఏ ఏ ఆరోగ్య సమస్యలు ఉన్నాయో ఈ వారం ఫోనులో తెలుగులో అడిగి, ఒక కాగితం మీద రాసి ఇంట్లో దాచండి.