గేరు మనము మార్చవలెనా, యంత్రము మార్చవలెనా?

విద్యార్థులారా! కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగరముల చుట్టునున్న నల్లరేగడి నేలలో మన పెద్దలు ఎడ్లబండి తోలినవారే. చదునుబాటను వడిగా నడచు ఎడ్లు, గట్టు ఎక్కునపుడు నడక తగ్గించి కాడిపై బలము మోపును. కారులో గేరు చేయు పనియు ఇట్టిదే: వేగమును తగ్గించి బలమును పెంచుట.

ఇంజను కొంత కనీస వడితోనైనను తిరుగనిచో ఆగిపోవును. నిలిచియున్న చక్రములను అంత వడితో ఒక్కసారిగా కదల్చుట సాధ్యము కాదు. కావున మొదటి గేరుతో ఆరంభించి, వేగము పెరిగిన కొలది పై గేర్లకు పోవుదుము. గేరు మార్చునపుడు ఇంజనును చక్రములనుండి విడదీయునది క్లచ్చు. తెలుగు కుటుంబమున జన్మించిన జి. డి. నాయుడుగారు 1920లో పొళ్లాచి, పళనిల నడుమ బస్సు నడిపిన కాలమున ఈ పని మిక్కిలి కష్టము. గేర్ల పళ్లు రాపిడి లేక కలియుటకు తోడ్పడు సింక్రోమెష్ 1928లో కాడిలాక్ కారుతో వచ్చినది. క్లచ్చు పెడలు లేని హైడ్రామాటిక్‌ను 1939లో అమెరికాలో జనరల్ మోటార్సువారు ప్రవేశపెట్టిరి.

ఆటోమాటిక్‌లన్నియు ఒక్క తీరువి కావు. టార్క్ కన్వర్టరులో నూనె నడుమ రెండు పంకాలు ఎదురెదురుగా ఉండును. ఒకటి తిరిగిన, నూనె రెండవదానిని త్రిప్పును. ఏ.ఎం.టి.లో ఉండునది మామూలు గేరుపెట్టెయే. క్లచ్చును, గేరును మనకు మారుగా యంత్రము నడుపును. మన దేశమున ఇది 2014లో మారుతి సెలెరియోతో చౌక కార్లలోనికి వచ్చినది. దీని వెల చేతిగేరు కారుకన్న కొంత ఎక్కువ. గేరు మారునపుడు చిన్న కుదుపు తోచును.

మరి ఏది కొనవలెను? కోవిల్పట్టి నుండి విరుదునగరమునకు పోవు పెద్దబాట చదునైనది. అందు చాలవరకు పై గేరులోనే సాగుదుము. అక్కడ తేడా స్వల్పము. బజారు వీధులలో మాత్రము క్లచ్చు మాటిమాటికి త్రొక్కవలెను. మోకాలినొప్పిగల పెద్దలకు ఆటోమాటిక్ మేలు. క్లచ్చు భయముచే నడుపుట మానిన తల్లి మరల ధైర్యముగా కారు తీయగలిగినచో, ఆ లాభమునకు వెల కట్టలేము. వానకాలమున బురదబాటలను పొలములకు పోవువారికి, వెల తగ్గవలెననువారికి చేతిగేరు అనుకూలము. బ్యాటరీ నీరసించినచో దానిని త్రోసి నడపవచ్చును. ఆటోమాటిక్‌కు సాధారణముగా ఆ సౌకర్యము లేదు.

ఆటోమాటిక్ నడుపువారు కుడికాలినే వాడవలెను. ఎడమకాలు నేలపైనే ఉండవలెను. కొడైకానలు కొండ దిగునపుడు ఏ కారైనను క్రింది గేరున నుంచవలెను, బ్రేకులనే నమ్మరాదు. గేరు యంత్రము మార్చినను, ముందుచూపు మనదే.

తల్లిదండ్రులారా! ఎవరు, ఏ దారిని నడుపుదురో ముందు తేల్చుకొనుడు. ఆ నడుపువారినే రెండు బండ్లలోను కూర్చుండబెట్టి చూచి, పిదప రొక్కము చెల్లింపుడు. విద్యార్థులారా! 18 ఏండ్లు నిండి లైసెన్సు పొందువరకు మీరు స్టీరింగు పట్టరాదు. గేరు మర్మమును ఇంటివారికి తెలుగున వివరించుట మాత్రము నేడే చేయదగిన పని.