మెమరీ కార్డుకు క్లాక్ ఎంత అందుతోంది?



మెమరీ కార్డు కంట్రోలర్‌లో క్లాక్ తేడా వస్తే నింద కార్డు మీద పడుతుంది. గుంటూరు మిరప కోల్డ్ స్టోరేజీలో చలిని నమోదు చేసే లాగర్‌కు, నీ మొన్నటి ఉత్తరంలో ఉన్నట్టు, కార్డు మీద కార్డు మార్చినా రోగం కుదరకపోవడం అందుకే.

ఎస్‌డీ కార్డుకు వోల్టేజి నిలకడగా అందాక కనీసం 74 క్లాక్‌లు పంపాలి. గుర్తింపు దశ అంతా 100 నుంచి 400 కిలోహెర్ట్జ్ లోపే సాగాలి. అది దాటాక 25 మెగాహెర్ట్జ్, కార్డు ఒప్పుకుంటే సీఎండీ6 ఆదేశంతో 50. మొదట్లోనే వేగం పెంచితే కొన్ని కార్డులు పలుకుతాయి, కొన్ని పలకవు.

అన్నిటికంటే ముందు చూడవలసింది మూల క్లాక్. కంట్రోలర్ తనకందే క్లాక్‌ను భాగించి కార్డుకు ఇస్తుంది. మూలం 50 మెగాహెర్ట్జ్ అని డ్రైవర్ నమ్ముతుండగా బోర్డు మీద 100 వస్తుంటే, 25 అనుకున్న చోట 50, 400 కిలోహెర్ట్జ్ అనుకున్న చోట 800 పోతాయి. తెర మీద అంకె మాత్రం సక్రమంగానే ఉంటుంది. లినక్స్ డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో ఐఓఎస్ ఫైలు చూపేదీ డ్రైవర్ లెక్కే, కొలిచిన విలువ కాదు.

గుంటూరు మిరప యార్డులో రాళ్లు వేసి కాటా సరిచూసుకోనిదే పాతకాలపు రైతు మిరప బస్తా ఎక్కించేవాడు కాదు. పర్చూరు నుంచి రాత్రంతా బండి తోలుకొచ్చిన పెద్దాయన నిద్రకళ్లతోనే ముందు కాటా ముల్లు చూసేవాడు. మిరప ఘాటుకు తుమ్ముతూ మనవలూ ఆ ముల్లు వైపే చూసేవారు. ఈ ఉత్తరం రాస్తున్నవాడు వాళ్లలో ఒకడు. క్లాక్ విషయంలో ఆ రాయి ఆసిలోస్కోప్. ప్రోబ్‌ను కార్డు క్లాక్ పిన్ను మీద పెట్టి ఒక్క ఆవర్తనానికి పట్టే కాలం కొలవాలి. 400 కిలోహెర్ట్జ్‌కు 2.5 మైక్రోసెకన్లు, 25 మెగాహెర్ట్జ్‌కు 40 నానోసెకన్లు రావాలి. తెల్లవార్లూ మేల్కొన్న కళ్లకు స్కోప్ గీత కూడా అబద్ధం చెబుతుంది. వేళకు అన్నం తిని, నిద్రపోయి, పొద్దున కొలవడం మేలు.

భాగహారంలోనూ పొరపాటు దాగుతుంది. మూలం 60 మెగాహెర్ట్జ్ అయితే 2తో భాగిస్తే 30, 25 హద్దు దాటింది. తర్వాతి భాజకం 4 మాత్రమే ఉంటే 15తో సరిపెట్టుకోవాలి.

లినక్స్ లాగ్‌లో -110 కనిపిస్తే గడువులోగా జవాబు రాలేదని, -84 కనిపిస్తే సీఆర్‌సీ తప్పిందని అర్థం. 50 దగ్గర -84 వచ్చి, 25 దగ్గర మాయమైతే వైర్ల పొడవు, కమాండ్, డేటా లైన్ల పుల్-అప్ రెసిస్టర్లు, 3.3 వోల్టుల సప్లై చూడాలి. పుల్-అప్‌లు 10 నుంచి 100 కిలోఓమ్‌ల మధ్య ఉండాలి. డివైస్ ట్రీలో మ్యాక్స్-ఫ్రీక్వెన్సీ తగ్గించి పరీక్షించడం తేలిక. నిమిషానికొక రీడింగు రాసే లాగర్‌కు 50 మెగాహెర్ట్జ్‌తో పనే లేదు.

కొలిచిన క్లాక్ సరిపోయి, వేగం తగ్గించినా, వైర్లు సరిచేసినా తప్పులు ఆగకపోతే, అప్పుడు మార్చాలి కార్డు.