పత్తికొండ నుంచి జర్మనీకి: ఏ ఆసుపత్రికి పోవాలి?

పత్తికొండలో ఎవరికైనా కడుపునొప్పి గట్టిగా వచ్చిందంటే ఇంట్లో మొదట లేచే మాట ఒక్కటే: ఆదోనికి పోదామా, కర్నూలు పెద్దాసుపత్రికి పోదామా? ఆదోని వాళ్లయితే బళ్లారి పేరు కూడా ఎత్తుతారు. వెంటనే తెలిసినవాళ్లకు ఫోన్ చేసి, ఏ డాక్టరు హస్తవాసి మంచిదని అడుగుతారు. ఆ తర్వాతి ప్రశ్న, అక్కడ ఆరోగ్యశ్రీ ఉందా అని. 2007లో మొదలైన ఆ పథకాన్ని ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నా, మన ఊళ్లలో ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలుస్తారు. కార్డు చెల్లుతుందని తెలిశాకే బండి ఎక్కుతారు.

ఎమ్మిగనూరు, ఆదోని, పత్తికొండల నుంచి చదువుకో ఉద్యోగానికో జర్మనీ వచ్చే పిల్లలు ఈ అలవాటుతోనే దిగుతారు. వచ్చిన కొత్తల్లో వాళ్లడిగేది కూడా ఇదే: "అన్నా, మా ఇన్సూరెన్సుకు ఇక్కడ ఏ ఆసుపత్రి?" వాళ్లకు నేను చెప్పే జవాబు ఇది. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటే, ఆ ప్రశ్నతో మీకు పని లేదు. మీరు మొదట వెతకాల్సింది ఆసుపత్రిని కాదు, మీ వీధికి దగ్గరలో ఒక కుటుంబ డాక్టరును.

జర్మనీలో కార్మికుల ఆరోగ్య బీమా చట్టం బిస్మార్క్ కాలంలో, 1883లో వచ్చింది. ఆ పద్ధతే పెరిగి పెద్దదై నేటికీ నడుస్తోంది. బీమా నడిపే సంస్థను క్రాంకెన్‌కాసె, క్లుప్తంగా కాసె అంటారు. టీకే, ఆఓకే, బార్మర్ ఇలా చాలా ఉన్నాయి. ఏది తీసుకోవాలో తేల్చుకోలేక మనవాళ్లు వారాల తరబడి తల బద్దలు కొట్టుకుంటారు. అంత అవసరం లేదు. ఇచ్చే వైద్యంలో చాలా భాగం చట్టమే నిర్ణయించింది. నెలనెలా కట్టే అదనపు చందాలో, ఇంగ్లీషులో మాట్లాడే సిబ్బంది ఉన్నారా లేదా అన్నదాంట్లో తేడా ఉంటుంది, అంతే. మన దగ్గర ఒక్కో బీమా కంపెనీకి ఒక్కో ఆసుపత్రుల జాబితా ఉంటుంది. ఇక్కడ అలా కాదు. ప్రభుత్వ ప్రణాళికలో ఉన్న ఆసుపత్రి ఏదైనా సరే, విశ్వవిద్యాలయానిదైనా, నగరపాలికదైనా, చర్చి సంస్థలదైనా, హీలియోస్, అస్క్‌లెపియోస్ లాంటి కంపెనీలదైనా, అన్ని కాసెల కార్డులూ తీసుకుంటుంది. బోర్డు మీద ప్రివాట్‌క్లినిక్ అని ఉన్నచోట మాత్రం ముందే అడగండి. అక్కడ మీ కార్డు చెల్లకపోవచ్చు.

విద్యార్థులు ఒక్క విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. విద్యార్థులకిచ్చే తక్కువ చందా 30 ఏళ్లు నిండేదాకానే. నెలకు కొన్ని యూరోలు మిగులుతాయని చదువు మొదట్లో ప్రైవేటు బీమా తీసుకుని, ప్రభుత్వ బీమా నుంచి మినహాయింపు రాయించుకున్నారో, ఆ చదువు పూర్తయ్యేదాకా వెనక్కి రాలేరు. ఏజెంటు ఎంత తియ్యగా చెప్పినా, ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు విశ్వవిద్యాలయంలో విద్యార్థుల సలహా కేంద్రానికి వెళ్లి అడగండి.

ఇక కుటుంబ డాక్టరు. ఇక్కడివాళ్లు హౌస్‌ఆర్ట్స్ట్ అంటారు. ఒళ్లు బాగున్నప్పుడే ఒకరిని వెతికి పేరు రాయించుకోండి. జ్వరంతో వణుకుతూ ఫోన్ చేస్తే, కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదనే జవాబు చాలాచోట్ల వినాల్సి వస్తుంది. ఏ డాక్టరు ఏ భాష మాట్లాడతారో డాక్టర్ల సంఘాల వెబ్‌సైట్లలో వెతకవచ్చు. దుభాషి ఖర్చు కాసె ఇవ్వదు కాబట్టి ఈ వెతుకులాట వృథా పోదు. స్పెషలిస్టు దగ్గరికి పోవాలంటే హౌస్‌ఆర్ట్స్ట్ ఊబర్‌వైజుంగ్ అనే చీటీ రాస్తారు. అత్యవసరమని కోడ్ వేసి ఇస్తే, 116117 నంబరుకు ఫోన్ చేసి స్పెషలిస్టు అపాయింట్‌మెంటు త్వరగా ఇప్పించమని అడగవచ్చు.

ఆపరేషనో, ఆసుపత్రిలో చేరి చేయించుకోవాల్సిన చికిత్సో అవసరమైతే డాక్టరు రాసే కాగితం పేరు ఐన్‌వైజుంగ్. ఇది చేతికి రాగానే మడిచి జేబులో పెట్టుకోకుండా అక్కడే చదవండి. అవసరాన్ని బట్టి డాక్టరు దాంట్లో దగ్గరలో ఉన్న, ఆ చికిత్సకు తగిన రెండు ఆసుపత్రుల పేర్లు రాయాలని చట్టం చెబుతోంది. ఎంపిక మీదే. అయితే బలమైన కారణం లేకుండా దూరంగా ఉన్న ఇంకోదానికి పోతే, పైన పడే ఖర్చు మీ మీదే వేసే హక్కు కాసెకు ఉంది. ఫలానా ఊళ్లో ఈ ఆపరేషన్ బాగా చేస్తారని మీకు తెలిసి ఉంటే డాక్టరుకు మొహమాటపడకుండా చెప్పండి. కాసెకు ముందే ఫోన్ చేసి, ఒప్పుకుంటే ఆ మాట రాతలో తీసుకోండి.

రెండు పేర్లలో ఏది? మనవాళ్లు పెద్ద భవనం ఉన్నదాని వైపే మొగ్గుతారు. బెర్లిన్‌లో ఉంటే షారిటే, హైడెల్‌బెర్గ్‌లో ఉంటే విశ్వవిద్యాలయ ఆసుపత్రి. అరుదైన జబ్బుకూ, చిక్కుపడ్డ కేసుకూ అవి సరైన చోట్లే. కానీ పిత్తాశయంలో రాళ్లకో హెర్నియాకో అక్కడ రోజుల తరబడి ఎదురుచూడటం ఎందుకు? అడగాల్సిన ప్రశ్న, ఈ ఆపరేషన్ మీ దగ్గర ఏడాదికి ఎన్ని చేస్తారని. ఇలా అడిగితే ఇక్కడ ఎవరూ నొచ్చుకోరు. కొన్ని చికిత్సలకు నియమాల్లోనే కనీస సంఖ్య ఉంది. మోకాలి కీలు పూర్తిగా మార్చే ఆపరేషన్ ఏడాదికి కనీసం 50 చేసే ఆసుపత్రికే దాన్ని చేసే అనుమతి. 1,250 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టే బిడ్డల విషయంలో ఆ సంఖ్య 25. ప్రతి ఆసుపత్రీ తన లెక్కలతో నాణ్యతా నివేదిక ఇవ్వాలి, అది ఎవరైనా చూడవచ్చు. క్యాన్సరైతే జర్మన్ క్యాన్సర్ సొసైటీ ధ్రువీకరించిన కేంద్రమేనా అని చూడండి. మోకాలి కీలు, వెన్నెముక, గర్భసంచి లాంటి కొన్ని ఆపరేషన్లకు రెండో డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు చట్టంలోనే ఉంది. ఆపరేషన్‌కు కనీసం పది రోజుల ముందే ఆ సంగతి డాక్టరు మీకు చెప్పాలి. ఖర్చు కాసెదే.

చేరే రోజు మీ ముందు ఒక దొంతర కాగితాలు పెడతారు. వాటిలో వాల్‌లైస్టుంగ్ అన్న మాట ఉన్న కాగితం విడిగా తీసి పెట్టుకోండి. ఒంటరి గది, పెద్ద డాక్టరు చేతనే చికిత్స, ఇలాంటి అదనపు సౌకర్యాలకు ఒప్పందం అది. సంతకం పెడితే ఆ బిల్లు కాసె కట్టదు, మీరే కట్టాలి. పెట్టకపోతే చికిత్సలో ఏ లోటూ రాదు. మీరు మామూలుగా కట్టాల్సింది రోజుకు 10 యూరోలు, అదీ ఏడాదిలో 28 రోజులకు మించి కాదు. చేరిన రోజు, ఇంటికి పంపే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. 18 ఏళ్ల లోపు పిల్లలకు ఈ చెల్లింపు లేదు. కాన్పుకు చేరితే అప్పుడూ లేదు. డిపాజిట్ కడితేనే మంచం ఇస్తామని ఎవరూ అనరు. చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు పరిగెత్తే పని లేదు. పక్కన తోడు పడుకోవడమూ ఉండదు, చిన్న బిడ్డల విషయంలో తప్ప. దీనికి మన ఆడవాళ్లు బాగా కుంగిపోతారు, ఆ బాధ నిజమైనదే. చూడటానికి వచ్చే వేళలు ముందే తెలుసుకుని, మనవాళ్లలో ఎవరో ఒకరు రోజూ వెళ్లేలా చూసుకోండి.

అత్యవసరం వచ్చినప్పుడు ఈ లెక్కలేవీ వేయకండి. ఇంటి దగ్గర 108 ఎలాగో ఇక్కడ 112 అలాగ. ఛాతీలో నొప్పి, ఒకవైపు కాలూ చేయీ పడిపోవడం, ఆయాసం, ఆగని రక్తం ఉంటే సొంత కారులో బయలుదేరవద్దు. గుండె రక్తనాళాలు తెరిచే ఏర్పాటు ఎక్కడుందో, పక్షవాతానికి ప్రత్యేక విభాగం ఎక్కడుందో అంబులెన్సు వాళ్లకు తెలుసు. తగిన ఆసుపత్రి వాళ్లే చూసుకుంటారు. ఫోన్‌లో మొదట చిరునామా చెప్పండి, తర్వాత ఏమైందో చెప్పండి.

ప్రాణం మీదికి రాని బాధకు, డాక్టర్ల గదులు మూసిన రాత్రో ఆదివారమో, 116117కే ఫోన్ చేయండి. ఎమ్మిగనూరు కుర్రాడు ఒకడు ఆదివారం జ్వరంతో నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి పోయి సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా కూర్చున్నాడు. తన తర్వాత వచ్చినవాళ్లను ముందు పిలుస్తుంటే, నల్లగా ఉన్నానని పక్కన పెట్టారేమోనని ఏడుస్తూ ఫోన్ చేశాడు. అక్కడ వరుస వచ్చిన వేళను బట్టి ఉండదు, ప్రమాదాన్ని బట్టి ఉంటుంది. నర్సు మొదట చూసి ఎవరు ఎంతసేపు ఆగగలరో తేలుస్తుంది. ఆ సంగతి వాడికి ముందే ఎవరూ చెప్పలేదు.

సైకిల్ మీద భోజనాలు డెలివరీ చేసే పిల్లలు, గోదాముల్లో పనిచేసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పనిలోనో, పనికి పోయే దారిలోనో దెబ్బ తగిలితే డీ-ఆర్ట్స్ట్ అనే ప్రత్యేక డాక్టరు దగ్గరికి పోవాలి. విశ్వవిద్యాలయానికి పోయే దారిలో తగిలినా అంతే. ఆ ఖర్చు ప్రమాద బీమాది, మందులకు కూడా మీరు కట్టక్కర్లేదు. పనిలో తగిలిందని నిజం చెప్పండి. ఉద్యోగం పోతుందని భయపడి ఇంట్లో జారిపడ్డానని చెప్పినవాళ్లకు తర్వాత ఆ హక్కు తెచ్చుకోవడం చాలా కష్టమవుతుంది.

గర్భిణికి ఆసుపత్రి వెతకడం మరీ ముందుగా మొదలుపెట్టాలి. హెబామె అంటే మంత్రసాని. ఇక్కడ ఆమె చదువుకున్న నిపుణురాలు, కాన్పు తర్వాత ఇంటికే వచ్చి తల్లినీ బిడ్డనూ చూసిపోతుంది, ఖర్చు కాసెది. కానీ దొరకడం కష్టం. గర్భం తెలిసిన వారాల్లోనే వెతకడం మొదలుపెట్టండి. చాలా ఆసుపత్రులు కాన్పు గదులు చూపించే సాయంత్రాలు పెడతాయి. ఆలుమగలిద్దరూ పోయి చూసి, నెలలు నిండకముందే పేరు రాయించుకోండి. నెలలు నిండకుండా పుట్టే బిడ్డలకు ప్రత్యేక విభాగం ఉందా అని అక్కడే అడగండి. పరీక్షలన్నీ రాసే ముట్టర్‌పాస్ పుస్తకం ఎప్పుడూ సంచిలోనే ఉండాలి.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే ఉత్తరాన్ని మరుసటి పనిదినం హౌస్‌ఆర్ట్స్ట్‌కు చేర్చండి. ఆసుపత్రి రాసిచ్చే మందుల చీటీకి గడువు కొద్ది పనిదినాలే ఉంటుంది, అదే రోజు మందులు తెచ్చుకోండి.

కాన్పుకు సాయం కోసం అమ్మనో అత్తమ్మనో పిలిపించేవాళ్లకు ఒక మాట. మీ ప్రభుత్వ బీమా వాళ్లకు వర్తించదు. వీసాకు తీసుకునే ప్రయాణ బీమా చాలావరకు పాత జబ్బులను వదిలేస్తుంది. బీపీ, షుగరు ఉంటే ఆ షరతును ఒక్కొక్క వాక్యం చదివించుకోండి. ఆదోనిలోనో కర్నూలులోనో డాక్టరుతో మందుల పేర్లు, మోతాదు ఇంగ్లీషులో రాయించి, ఉండబోయే నెలలన్నింటికీ సరిపడా మందులు చేతి సంచిలోనే తెమ్మనండి.