పులికాట్‌లో పక్షులు చూడబోతున్నారా? ఈ చిట్కాలు మీకే

పులికాట్ సరస్సు చూడ్డానికి సూళ్లూరుపేట వెళ్లినవాళ్లలో చాలామంది ఫ్లెమింగోల ఫొటో తీసుకుని తిరుగుముఖం పడతారు. సీగల్స్, బాతులు మిగిలిపోతాయి. వాటి కోసమే ఇవి.

1. డిసెంబరు, జనవరి మంచి నెలలు. అయితే ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేసిన ఏడాది సరస్సులో చాలా భాగం ఎండిపోతుంది. నీళ్లున్నాయో లేదో సూళ్లూరుపేటలో తెలిసినవాళ్లను అడిగి బయల్దేరండి.

2. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే తూర్పుకి పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరం వైపు చూడండి, రంగులు తెలుస్తాయి. దక్షిణం వైపు చూస్తే అన్నీ నల్లగానే ఉంటాయి. షార్ అంతరిక్ష కేంద్రం గేటు దగ్గర మాత్రం కెమెరా లోపల పెట్టేయండి.

3. కారు దిగకండి. మనిషిని చూసి లేచిపోయే బాతులు ఆగిన కారును అంతగా పట్టించుకోవు. గుడ్డ సంచిలో కిలో బియ్యం పోసి మూతి కుట్టి, కిటికీ అంచున పెట్టి దానిమీద బైనాక్యులర్ ఆనించండి. చెయ్యి వణకదు. 8×42 రకం చాలు.

4. అసలు చిక్కు సీగల్స్‌తోనే. చలికాలంలో నల్లతల సీగల్‌కి నల్లతల ఉండదు, గోధుమతల దానికి గోధుమతలా ఉండదు! రెండింటికీ తెల్లటి తల, చెవి దగ్గర దిష్టిచుక్కలా ఓ మచ్చ. అందుకని ఎగిరేదాకా ఆగి రెక్క చూడండి. కొస నల్లగా ఉండి అందులో తెల్ల మచ్చలుంటే గోధుమతలది. లదాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర గుడ్లు పెట్టే జాతి ఇది. రెక్క ముందంచు తెల్లగా మెరిస్తే నల్లతలది. తోక చివర నల్లపట్టీ ఉంటే, ఏ జాతిదైనా ఇంకా చిన్నదని అర్థం.

5. తల ముంచి సన్నటి తోక పైకెత్తేది సూదితోక బాతు. వెడల్పాటి ముక్కుతో నీళ్లు వడగట్టేది చెంచామూతి బాతు.

6. ఉప్పుగాలికి లెన్సు మసకబారితే చొక్కా అంచుతో తుడవకండి, గీతలు పడతాయి. ముందు దుమ్ము ఊదేసి, ఆ తర్వాత మెత్తటి తడిగుడ్డ వాడండి.

7. పులిహోర కట్టుకెళ్లండి. సీగల్స్‌కి మరమరాలు విసరొద్దు.

8. ఎండెక్కాక నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లండి, సూళ్లూరుపేట నుంచి 20 కి.మీ. దూరం. కడప చెట్లమీద గూడబాతుల గూళ్లుంటాయి. అరుపులూ కేకలూ వద్దు.

9. పక్షి కాలికి రింగు కనబడితే దానిమీది అక్షరాలు, అంకెలు, చోటు, తేదీ రాసుకుని ముంబయిలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి.