ఆలోచన కార్మికునిది, లేఖనం యంత్రానిది

క్రీ.శ. 1815వ సంవత్సరం. ఉత్తర ఇంగ్లండులోని కిల్లింగ్‌వర్త్ బొగ్గుగనిలో జార్జి స్టీఫెన్‌సన్ అనే యంత్రపు మేస్త్రి, గనిలోని వాయువు అంటుకొని ప్రేలకుండా వెలిగే ఒక దీపాన్ని తయారుచేశాడు. పద్దెనిమిదేళ్ళ ప్రాయం వరకు అతనికి చదవను, వ్రాయను రాదు. అదే సంవత్సరంలో సుప్రసిద్ధ శాస్త్రవేత్త సర్ హంఫ్రీ డేవీ కూడ ఒక రక్షక దీపాన్ని రూపొందించాడు. చదువులేని మేస్త్రికి ఇంతటి ఊహ ఎలా తట్టిందని లండను పండితులు శంకించారు. చివరికి అతని ప్రాంతంవారే చందాలు వేసుకొని, వెయ్యి పౌండ్లు బహూకరించి, తమ విశ్వాసాన్ని చాటుకోవలసి వచ్చింది.

ఈ వృత్తాంతం బొగ్గుగనుల నడుమ చదువుకొనే మనకు ఒక సత్యాన్ని బోధిస్తున్నది. ఆలోచన పని జరిగే చోటనే పుడుతుంది. కాని దానికి భాష లేకపోతే పై అధికారి బల్ల వరకు చేరదు, చేరినా నమ్మేవారుండరు.

ఈ లోపాన్ని సవరించటానికి పరిశ్రమలు చాలకాలంగా ప్రయత్నిస్తున్నాయి. స్కాట్లండులోని డంబార్టన్‌లో విలియం డెన్నీ 1880లోనే తన నౌకా నిర్మాణశాలలో కార్మికుల సూచనలకు బహుమతులిచ్చే పద్ధతిని ప్రవేశపెట్టాడు. జపానులో టొయోటా సంస్థ 1951లో అట్టి పథకాన్నే ప్రారంభించింది. అదే దేశంలో 1962లో పుట్టిన క్వాలిటీ సర్కిల్ పద్ధతి 1980 ప్రాంతంలో మన హైదరాబాదు శివారులోని రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారానికి వచ్చి, అక్కడినుండి దేశమంతటా వ్యాపించింది. ఒకే చోట పనిచేసే కొద్దిమంది కలిసి కూర్చొని, తమ పనిలోని చిక్కులను తామే పరిశీలించి, పరిష్కారాలను సూచించటమే దీని సారాంశం.

ఇప్పుడు ఈ రంగంలోనికి కృత్రిమ మేధ ప్రవేశించింది. 2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడిన తరువాత, అడిగిన క్షణంలో పది ఉపాయాలు చెప్పే యంత్రం సామాన్యునికి కూడ అందుబాటులోనికి వచ్చింది. ఉద్యోగులలో కొత్త ఆలోచనలు రేకెత్తించటానికి సంస్థలు దీనిని వినియోగించుకొంటున్నాయి. ఇది మన ప్రాంతానికి ఎంతవరకు ఉపకరిస్తుంది?

సింగరేణి బొగ్గు త్రవ్వకం 1889లో ఇల్లందు ప్రాంతంలో ఆరంభమైంది. తట్టా చెమ్మస్ నాటి నుండి అడ్రియాల లాంగ్‌వాల్ గని వరకు పనిముట్లు ఎంతో మారాయి. కాని బాయిలో పైకప్పును కర్రతో తట్టి చూచే అనుభవజ్ఞుని చెవికి నేటికీ విలువ ఉన్నది. గట్టిరాయి ఖంగున మ్రోగుతుంది. పట్టు విడిచిన రాయి డొల్లగా పలుకుతుంది. ఈ తేడా ఎరిగినవాని సూచన ఒక్కటి పది ప్రాణాలను కాపాడవచ్చును. అయితే అతని మాట తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిసిన గని మాట. కార్యాలయానికి కావలసినది ఇంగ్లీషు నివేదిక.

ఇక్కడనే యంత్రం తోడ్పడగలదు. కార్మికుడు నోటితో చెప్పినదానిని అది లిపిబద్ధం చేయగలదు, అనువదించగలదు. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన భాషిణి పథకం ఇట్టి భాషాసేవకే ఉద్దేశింపబడినది. "ఈ చిక్కు ఏ షిఫ్టులో ఎక్కువ? ఖర్చెంత? ఇందులో ప్రమాదమేమి?" అని తిరిగి ప్రశ్నించి, అస్పష్టమైన ఊహకు ఒక రూపం ఇవ్వగలదు.

అయితే రెండు హెచ్చరికలు అవసరం. అనిల్ దోషి, ఆలివర్ హౌసర్ అనే పరిశోధకులు 2024లో ప్రకటించిన అధ్యయనం ఆలోచింపదగినది. యంత్రం ఇచ్చిన ఊహలతో వ్రాసిన కథలు విడివిడిగా చూస్తే మెరుగ్గానే ఉన్నాయి. కాని అవి ఒకదానినొకటి ఎక్కువగా పోలి ఉన్నాయట. అందరూ ఒకే బావి నీరు తోడుకొంటే రుచి వేరుగా ఎట్లుంటుంది? రెండవది, యంత్రం తెలియని విషయాన్ని కూడ తెలిసినట్లే చెప్పగలదు. అది ఏనాడూ గనిలో దిగలేదు. రాయి చప్పుడు వినలేదు. కనుక రక్షణ విషయంలో తుది నిర్ణయం గని ఇంజనీర్లు, అనుభవజ్ఞులైన కార్మికులు కలిసి చేయవలసినదే.

కావున క్రమం ముఖ్యం. మొదట మనిషి తన ఆలోచనను తన మాటలలో చెప్పాలి. తరువాతనే యంత్రం దానిని ప్రశ్నించాలి, తీర్చిదిద్దాలి. చివరకు ఆ సూచనపై కార్మికుని పేరే నిలవాలి. పేరు పోయినచోట రెండవసారి సూచన చేసేవారుండరు.

విద్యార్థులారా! మీలో పలువురి తండ్రులు బాయి పనివారు. ఈ రాత్రి షిఫ్టు దిగి వచ్చిన తండ్రిని, "మీ పనిలో ఏది మారితే బాగుంటుంది?" అని అడగండి. ఆయన చెప్పినది చెప్పినట్లు వ్రాసుకొనండి. యంత్రాన్ని ఆ తరువాత అడుగవచ్చును. పెద్ద చదువు లేని స్టీఫెన్‌సన్‌కు నాడు కొరవడిన లేఖకులు మీరే కావచ్చును.