భుజం పట్టేసిందా? ముందు ఓనరుకు రాసివ్వండి

అన్నదమ్ముల పిటిషన్ మీద నడివయసులో కాలిఫోర్నియా వచ్చినవాళ్ళకు చాలాసార్లు మొదట దొరికేది ఇండియన్ స్టోర్లోనో, గోడౌన్లోనో పని. బియ్యం బస్తాలు ఎత్తగా ఎత్తగా భుజం పట్టేస్తుంది. బామ్ రాసుకుని ఊరుకుంటాం. ఓనరు మనవాడే, నోరెత్తితే ఏమనుకుంటాడోనని మొహమాటం. ఆ మొహమాటమే కొంప ముంచుతుంది.

పనిలో తగిలిన దెబ్బకు వైద్యం ఓనరు కట్టిన వర్కర్స్ కాంప్ బీమా మీద జరగాలి. పొరపాటు మీదే అయినా సరే. దెబ్బ తగిలిన 30 రోజుల్లోగా ఓనరుకు రాతపూర్వకంగా చెప్పండి, మెసేజ్ పెట్టినా చాలు. చెప్పిన మరుసటి పనిరోజుకల్లా ఆయన క్లెయిమ్ ఫారం ఇవ్వాలి. అది నింపి ఇచ్చాక, బీమా కంపెనీ ఏ సంగతీ తేల్చేలోపు కూడా 10,000 డాలర్ల దాకా వైద్యం జరుగుతుంది. డాక్టరు ఎలా తగిలిందని అడిగితే, ఓనర్ని కాపాడాలని ‘ఇంట్లో జారిపడ్డాను’ అనొద్దు. ఆ ఒక్క ముక్క రికార్డులో ఉండిపోతుంది. ఇంగ్లీషు ఇబ్బందైతే బీమా ఖర్చుతోనే తెలుగు దుబాసీని అడగొచ్చు. స్కూలు ఎగ్గొట్టించి పిల్లల్ని వెంట తీసుకెళ్ళడం దేనికి?

ఎమ్మారైకి, ఆపరేషన్‌కి బీమావాళ్ళు అడ్డు చెబితే కంగారుపడొద్దు. కాదన్న ఉత్తరం వచ్చిన 30 రోజుల్లో స్వతంత్ర సమీక్ష కోరవచ్చు. అందుకు పంపే ఫారం ఉత్తరంతోపాటే వస్తుంది. ఇండియా వెళ్ళి చేయించుకుందామనుకుంటారు కొందరు. ఆ బిల్లు ఇక్కడ రాబట్టడం కష్టం.

దెబ్బ వల్ల పనికి వెళ్ళలేని కాలానికి జీతంలో సుమారు మూడింట రెండు వంతులు ఇస్తారు, మామూలుగా 104 వారాలు మించకుండా. చెక్కు తక్కువ, క్యాష్ ఎక్కువ తీసుకునేవాళ్ళు ఈ లెక్క దగ్గర నష్టపోతారు.

ఇక భుజం ఆపరేషన్ సంగతి. భుజం కీలు చుట్టూ ఉండే రొటేటర్ కఫ్ కండరాల స్నాయువు తెగితే, దాన్ని చిన్న రంధ్రాల్లోంచి ఎముకకు తిరిగి బిగిస్తారు. ఆపరేషన్ చిన్నదే, అసలు కష్టమంతా ఆ తర్వాత. నాలుగు నుంచి ఆరు వారాలు చెయ్యి స్లింగ్‌లోనే. పడుకుంటే నొప్పి, అందుకని రిక్లైనర్‌లో సగం కూర్చునే నిద్ర. ముందు బొత్తాలున్న చొక్కాలు, నైటీలు ముందే కొనుక్కోండి. జడ వేసుకోవడం, చీర కట్టుకోవడం కొన్నాళ్ళు ఇంకొకరి చేతి మీదే. ఫిజియోథెరపీలో మొదట చేతిని వాళ్ళే కదుపుతారు. నొప్పి తగ్గింది కదా అని మీ అంతట మీరు ఎత్తితే కుట్టు తెగొచ్చు. బరువులతో కసరత్తు దాదాపు మూడు నెలలకు మొదలవుతుంది, పూర్తి బలం రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది. షుగర్ ఉంటే భుజం బిగుసుకుపోయే అవకాశం ఎక్కువ. సర్జన్‌కు ముందే చెప్పండి. స్లింగ్ ఉండగా డ్రైవింగ్ వద్దు. థెరపీకి కారులో వెళ్ళొచ్చిన మైళ్ళకు కూడా డబ్బు వస్తుంది, రాసి పెట్టుకోండి.

తేలిక పనికి వెళ్ళొచ్చని డాక్టరు చీటీ ఇస్తే, ఎన్ని పౌండ్లు ఎత్తవచ్చో అందులో ఉంటుంది. ఒక కాపీ ఓనరుకిచ్చి, ఒకటి ఫోనులో ఉంచుకోండి. కౌంటర్లో కూర్చోబెడతానని పిలిచి ‘ఈ ఒక్క బస్తా’ అంటే, అదే చూపించండి.